దోమల మందు, ఎలుక నెత్తురు

ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాయంటే తిరుపతి, చిత్తూరు ఇళ్లలో దోమల మందు లేకుండా నిద్ర పట్టదు. ఒకరు కాయిల్ అంటిస్తారు, ఒకరు ప్లగ్గులో లిక్విడ్ పెడతారు. డబ్బా మీద నలుచదరపు గుర్తు, అందులో ఒక రంగు త్రికోణం కనబడుతుంది. ఆకుపచ్చ ఉంటే భయం లేదని చాలామంది నమ్మకం.

ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ప్రయోగశాలలో జంతువులకు మందు నోటి ద్వారా ఒకేసారి ఇచ్చి, ఎంత మోతాదుకు వాటిలో సగం చనిపోతాయో లెక్కిస్తారు. కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల లోపే అయితే ఎరుపు. 5000 మిల్లీగ్రాములు దాటితే ఆకుపచ్చ. అంటే ఆ రంగు చెప్పేది ఒక్కసారి మింగితే ప్రాణం పోతుందా లేదా అన్నదే. రోజూ రాత్రి మూసిన గదిలో పీల్చే కొద్దిపాటి పొగ నెత్తురును ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు ఆ త్రికోణంలో వెతికితే దొరకదు.

దానికి వేరే ప్రయోగాలున్నాయి. 1954లో ఏర్పడిన మన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ జంతుశాస్త్ర విభాగం వాళ్లు పురుగుమందులు చేపల్నీ ఎలుకల్నీ ఏం చేస్తాయో దశాబ్దాలుగా పరిశీలిస్తూ వచ్చారు. ఇంట్లో వాడే మందుల విషయంలో పద్ధతి ఇలా ఉంటుంది. తెల్ల ఎలుకలను రోజుకు కొన్ని గంటలు కాయిల్ పొగలో ఉంచుతారు, మరికొన్నింటిని మామూలు గాలిలో. కొన్ని వారాల తర్వాత రెండు గుంపుల నెత్తురూ తీసి హిమోగ్లోబిన్, ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు లెక్కపెట్టి పోలుస్తారు. పొగ పీల్చిన ఎలుకల్లో హిమోగ్లోబిన్, ఎర్రకణాలు తగ్గాయని చెప్పిన పరిశోధనలు అనేకం ఉన్నాయి. తెల్లకణాల సంగతి అంత నిలకడగా లేదు. కొన్నిట్లో పెరిగాయి, కొన్నిట్లో తగ్గాయి.

ఎర్రకణాలు ఎందుకు తగ్గుతాయి? కాయిల్‌లోనూ లిక్విడ్‌లోనూ ఎక్కువగా ఉండేవి పైరెత్రాయిడ్లు, అంటే చామంతి జాతి మొక్క నుంచి తీసే విషానికి మనిషి చేసిన నకళ్లు. దోమ నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వకుండా చేసి దాన్ని పడగొడతాయి. మన కాలేయం ఈ మందును త్వరగా విరిచేస్తుంది కనుక అది మనల్ని అలా పడగొట్టదు. కానీ విరిచే క్రమంలో చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. ఎర్రకణం పైపొరలో కొవ్వు ఎక్కువ, అది వీటికి సులభంగా దెబ్బతింటుంది. పొర చెడిన కణాన్ని ప్లీహం ముందే ఏరేస్తుంది. కాయిల్‌తో ఇంకో చిక్కు దాని పొగే. 2003లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఒక్క కాయిల్ కాలితే వెలువడే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానం.

ఇక్కడ తొందరపడకూడదు. ప్రయోగంలో ఎలుక చిన్న పెట్టెలో ఉంటుంది, దానికి అందే మోతాదు మన గదిలో కంటే ఎక్కువే కావచ్చు. ఎలుక ఎర్రకణం దాదాపు 60 రోజులు బతుకుతుంది, మనది 120. అందుచేత ఎలుకలో కనబడ్డ తగ్గుదలను అంతే లెక్కన మనిషికి అంటగట్టలేం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. దానికి కాయిళ్లే కారణమనడం తప్పు. ఇనుము అందకపోవడమే అందులో పెద్ద కారణం. అయితే అసలే నెత్తురు తక్కువున్న గర్భిణి పక్కన రాత్రంతా పొగ పెట్టడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

మనుషుల్లోనే రుజువైన సంగతి ఒకటుంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. బీరువాలో వేసే కలరా ఉండల్లో నాఫ్తలీన్ ఉంటుంది. జి6పిడి అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువున్న పిల్లల్లో అది ఎర్రకణాలను పగలగొడుతుంది. కలరా ఉండలతో దాచిన బట్టలు తొడిగాక పసికందులకు కామెర్లు ముదిరిన ఉదంతాలు వైద్యగ్రంథాలకెక్కాయి. బాలింత ఇంట్లో ఆ ఉండలు ఉండనేకూడదు.

దోమను వదిలేయమని కాదు, డెంగీ ఇంతకంటే పెద్ద ప్రమాదం. శుక్రవారం డ్రై డేనాడు సిమెంటు తొట్టీ, డ్రమ్మూ కడిగి ఆరబెట్టండి. కిటికీలకు మెష్ కొట్టించండి, పిల్లలకు దోమతెర కట్టండి. కాయిల్ తప్పదంటే మనుషులు లేనప్పుడు అంటించి, పడుకునే ముందు ఆర్పేసి తలుపులు తెరవండి. రిజిస్ట్రేషన్ నంబరు లేని దోమల అగరబత్తీలు ఎంత చవకైనా కొనకండి.