15 కిలోలా.. 16 కిలోలా? రోబో బరువు వాదనలో ఉద్యోగ పాఠం!

టెక్ ఫెస్టు రోజు పొద్దున్నే కాటా ముందు నిలబడ్డారు. మీ టీమ్ నెలల తరబడి కష్టపడి చేసిన పోరాట రోబోను ఇద్దరు కలిసి ఎత్తి కాటా మీద పెట్టారు. అంకె 15.2 దగ్గర ఆగింది. పోటీ పరిమితి 15 కిలోలు. నిర్వాహకులు తల అడ్డంగా ఊపి అరగంట టైమిచ్చారు. ఇప్పుడు ఆ 200 గ్రాములు ఎక్కడ తీస్తారు? పక్క కవచం రేకులోనా, బ్యాటరీలోనా, తిరిగే ఆయుధంలోనా?

రోబోవార్స్‌లో దిగిన చాలా టీములకు ఈ అరగంట పరిచయమే. ఆ రాత్రి హాస్టల్ గదిలో మొదలయ్యే వాదన కూడా పరిచయమే. ‘అసలు 15 ఎందుకు? 16 చేస్తే ఎవరి సొమ్మేం పోతుంది?’ అని. దీన్ని కాలక్షేపం కబుర్లుగా కొట్టిపారేయకండి. ఒక నియమం ఎందుకు పెట్టారు, మారిస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని లెక్కలతో చెప్పగలిగితే సగం ఇంజినీర్ అయినట్టే. డిజైన్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోనూ చూసేది ఇదే. అందుకే ఈ వాదనను ఒకసారి పద్ధతిగా చేసి చూద్దాం.

ఈ అంకెలు ఎక్కడివి?

1994లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ థార్ప్ ‘రోబో వార్స్’ పోటీ నిర్వహించారు. 1998లో అదే పేరుతో బ్రిటన్‌లో టీవీ షో మొదలై ఇంటింటికీ చేరింది. తర్వాత అమెరికాలో ‘బాటిల్‌బాట్స్’ వచ్చింది. బాక్సింగ్, కుస్తీలో మాదిరే ఇక్కడా బరువు తరగతులు ఉంటాయి. అయితే అవి అన్ని దేశాల్లో ఒకేలా లేవు.

అమెరికాలో యాంట్‌వెయిట్ అంటే 1 పౌండు, అంటే సుమారు 454 గ్రాములు. బ్రిటన్‌లో అదే పేరున్న తరగతికి పరిమితి 150 గ్రాములే. పైగా పోటీ మొదలయ్యేటప్పుడు రోబో 4 అంగుళాల ఘనంలో ఇమిడిపోవాలి. 2015లో బాటిల్‌బాట్స్ తిరిగి మొదలైనప్పుడు 250 పౌండ్ల (సుమారు 113 కిలోలు) తరగతి ఒక్కటే పెట్టారు. 2016లో మళ్లీ వచ్చిన బ్రిటిష్ రోబో వార్స్ పరిమితి 110 కిలోలు. మన దేశంలో ఐఐటీ బాంబే టెక్‌ఫెస్ట్ రోబోవార్స్‌కు పెద్ద వేదిక. మన ఫెస్టుల్లో ఎక్కువగా 8, 15, 30, 60 కిలోల మాటే వినిపిస్తుంది.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? ఈ అంకెలేవీ ప్రకృతి సూత్రాలు కావు, మనుషులు కూర్చుని రాసుకున్నవి. కాబట్టి వీటిని ప్రశ్నించడంలో తప్పేమీ లేదు. కానీ ప్రశ్నించే ముందు రెండు పక్షాలూ వినాలి.

పెంచాలనేవారి మాట

వీళ్లు చెప్పేది తీసిపారేసేది కాదు. తేలిగ్గా చేయాలంటే డబ్బు కావాలి. అంతే బలమున్న భాగాన్ని తక్కువ బరువులో చేయాలంటే మైల్డ్ స్టీల్ వదిలి మంచి అల్యూమినియం మిశ్రమమో, టైటానియమో కొనాలి. సీఎన్‌సీ మీద అనవసరపు లోహాన్ని చెక్కించాలి. స్పాన్సర్ ఉన్న టీమ్‌కు అది పెద్ద విషయం కాదు. నలుగురూ పాకెట్ మనీ పోగేసి, పాత మార్కెట్లో మోటార్లు వెతుక్కునే టీమ్‌కు అలా కాదు. ఇంకో కిలో ఇస్తే దొరికిన ఇనుముతోనే లాగించేస్తాం అంటారు వాళ్లు. న్యాయమే కదా!

వద్దనేవారి మాట

ఆ కిలో ఇద్దరికీ వస్తుంది. మీకు వచ్చినట్టే మీ ప్రత్యర్థికీ వస్తుంది. ఎవరు దాన్ని ఎక్కడ పెడతారన్నదే అసలు ప్రశ్న. లెక్క వేద్దాం.

ప్రత్యర్థి రోబోకు 20 సెంటీమీటర్ల వ్యాసం, 3 కిలోల బరువున్న గుండ్రటి గట్టి డిస్క్ ఉందనుకోండి. అది నిమిషానికి 8000 చుట్లు తిరుగుతోంది. ఇంటర్ ఫిజిక్స్ గుర్తు తెచ్చుకోండి. తిరిగే వస్తువు గతిజశక్తి అంటే జడత్వ భ్రామకాన్ని కోణీయ వేగం వర్గంతో గుణించి, అందులో సగం. అలా చూస్తే ఆ డిస్క్‌లో ఉన్నది సుమారు 5,260 జౌళ్లు. ఇప్పుడు పరిమితి 16 కిలోలు చేశారు. ప్రత్యర్థి ఆ కిలో మొత్తాన్ని డిస్క్ మందం పెంచడానికి వాడాడు. వ్యాసం అదే, వేగం అదే అయితే శక్తి సుమారు 7,020 జౌళ్లు అవుతుంది. రోబో బరువు 7 శాతం కూడా పెరగలేదు, దెబ్బ మాత్రం మూడో వంతు పెరిగింది.

మరి మీరు మీ కిలోను కవచానికి ఖర్చు పెట్టారు. 3 మిల్లీమీటర్ల ఉక్కు రేకు ఒక కిలోకు ఎంత వస్తుంది? దాదాపు 20 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు ముక్క. అంటే మీ రికార్డు పుస్తకంలో పేజీ కన్నా చిన్నది. దాంతో రోబో నాలుగు వైపులా కప్పలేరు. ఇంతకీ పరిమితి పెంచమని అడిగిందెవరు? డబ్బులేని టీమ్. బాగుపడిందెవరు? మంచి స్పిన్నర్ ఉన్న టీమ్!

ఇంకో ఖర్చు కూడా ఉంది. ప్రేక్షకులకూ రోబోలకూ మధ్య ఉండేది పాలీకార్బొనేట్ గోడ. శక్తి పెరిగితే ఆ గోడ మందమూ పెరగాలి. ఆ బిల్లు నిర్వాహకులకు పడుతుంది, తర్వాత ఎంట్రీ ఫీజు రూపంలో తిరిగి మీ దగ్గరికే వస్తుంది. గోడ మార్చకుండా పరిమితి మాత్రం పెంచితే? అప్పుడు పణంగా పెట్టేది గోడకు అవతల నిలబడి వీడియో తీసుకుంటున్న మీ జూనియర్ ప్రాణం. వాదనలో ఈ మాట చివర్లో కాదు, మొదట్లోనే రావాలి.

కాటాకు దొరకనిది

అదే 3 కిలోల డిస్క్‌ను 8000 కాకుండా 4000 చుట్లతో తిప్పితే శక్తి సుమారు 1,316 జౌళ్లే. 15 కిలోల రోబోను 9 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మీద నుంచి, పడేస్తే వచ్చేంత. 8000కు పెంచితే అది నాలుగింతలై సుమారు 36 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అంటే పన్నెండంతస్తులు! రెండుసార్లూ కాటా చూపేది 15 కిలోలే.

కాబట్టి బరువు పరిమితి ఒక్కటే ప్రమాదాన్ని ఆపలేదు. అందుకే బాటిల్‌బాట్స్‌లో బరువుతో పాటు ఆయుధం కొన వేగానికీ హద్దు పెట్టారు. గంటకు 250 మైళ్లు, అంటే సుమారు 402 కిలోమీటర్లు. మన ఉదాహరణలోని డిస్క్ అంచు వేగం 8000 చుట్ల దగ్గర గంటకు సుమారు 300 కిలోమీటర్లు. మీ కాలేజీ ఫెస్టు రూల్‌బుక్‌లో కొన వేగం గురించి ఏమైనా ఉందా? ఒకసారి తీసి చూడండి. లేకపోతే, 15నా 16నా అన్న వాదన కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న అదే.

రూల్ రాస్తే సందు వెతుకుతారు

చక్రాలు లేకుండా కాళ్లతో నడిచే రోబో చేయడం కష్టం. కొత్తదనం రావాలని అలాంటివాటికి చాలా పోటీల్లో అదనపు బరువు ఇచ్చారు. వెంటనే కొందరు తెలివైనవాళ్లు క్యామ్‌ల మీద జరుగుతూ పోయే ‘షఫ్లర్లు’ చేశారు. చూడటానికి కాళ్లే, పని మాత్రం దాదాపు చక్రానిదే! దాంతో క్యామ్‌తో కదిలేది నడక కిందకు రాదంటూ నిర్వచనాన్నే తిరగరాయాల్సి వచ్చింది.

అసలు ‘బరువు’ అంటే ఏమిటన్నదీ తేల్చుకోవాలి. హైస్కూలు విద్యార్థుల ‘ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్’లో బ్యాటరీని, బంపర్లను పరిమితిలో లెక్కపెట్టరు. పోరాట రోబోల్లో మామూలుగా బ్యాటరీతో కలిపే తూకం. మాట ఒకటే, అర్థాలు రెండు. గ్రూప్ డిస్కషన్‌లో మీరు వాదించడం మొదలుపెట్టే ముందు ‘దేన్ని బరువు అంటున్నాం?’ అని ఒక్క ప్రశ్న వేయండి. ఆ గదిలో మీ మీద గౌరవం పెరుగుతుంది.

మరి తీర్పేంటి?

నా ఓటు 16కి కాదు. కొత్తవాళ్లకు ఖర్చు తగ్గించడమే ఉద్దేశమైతే పై పరిమితి పెంచడం దారి కాదు, కింద ఒక చిన్న తరగతి చేర్చడమే దారి. 1 పౌండు, 3 పౌండ్ల రోబోలకు త్రీడీ ప్రింటింగ్ భాగాలు, చిన్న మోటార్లు సరిపోతాయి. వాటికి అరీనా కూడా చిన్నదే. ఓడి ముక్కలైనా మళ్లీ చేసుకోవచ్చు. మీరు ఒప్పుకోకపోవచ్చు. అయితే మీ లెక్క చూపించండి. వాదన అంటే గొంతు పెంచడం కాదు కదా!

ఉద్యోగంలో ఇది ఎక్కడ పనికొస్తుంది?

మన దేశపు డ్రోన్ నిబంధనలు 2021 చూడండి. 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్, 150 కిలోల వరకు మీడియం, ఆపైన లార్జ్. తరగతి మారితే పాటించాల్సిన నిబంధనలూ మారతాయి. నానో డ్రోన్ ఎగరేయడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. డీజేఐ కంపెనీ 2019లో తెచ్చిన మావిక్ మినీ బరువెంతో తెలుసా? 249 గ్రాములు! ఆ ఒక్క గ్రాము వెనకున్న ఇంజినీర్లు చేసిన పనీ, కాటా ముందు మీరు చేసే పనీ ఒకటే. డ్రోన్లు, విద్యుత్ వాహనాలు, విమాన విడిభాగాలు.. ఎక్కడికెళ్లినా బరువుకో బడ్జెట్ ఉంటుంది.

అందుకే ఈ నాలుగూ ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

1. బరువు పట్టిక: మొదటి రోజే ఒక షీట్ తెరవండి. చాసిస్, డ్రైవ్, ఆయుధం, బ్యాటరీ, కవచం, వైర్లు, బోల్టులు.. ఒక్కోదానికి అనుకున్న బరువు, అసలు బరువు పక్కపక్కన రాయండి. టీములు ఎక్కువగా మర్చిపోయేది వైర్లు, బోల్టులనే.

2. మిగులు: పరిమితి 15 అయితే డిజైన్ 14.5కే ఆపండి. చివరి రాత్రి వేసే వెల్డింగ్‌కు, అదనపు బ్రాకెట్‌కు చోటుండాలి. ఇంట్లో కాటాకూ పోటీ కాటాకూ తేడా రావచ్చు. టాలరెన్స్ ఇస్తారనే నమ్మకంతో వెళ్లకండి, రూల్‌బుక్‌లో చూసుకోండి.

3. నిర్ణయాల డైరీ: ఏ భాగాన్ని ఎందుకు మార్చారో తేదీ వేసి రెండు లైన్లు రాయండి. ఇంటర్వ్యూకు ముందురోజు రాత్రి చదువుకోవడానికి ఇంతకన్నా మంచి మెటీరియల్ ఉండదు.

4. భద్రత: అరీనా బయట ఆయుధాన్ని తిప్పి చూడటం వద్దు. బరువు తగ్గించాలని ఆయుధానికి పెట్టే లాక్‌నో, పవర్ ఆపే లింక్‌నో తీసేయడం అసలే వద్దు.

రెజ్యుమెలో ‘రోబోవార్స్‌లో పాల్గొన్నాను’ అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. ‘15 కిలోల రోబోకు బరువు పట్టిక నిర్వహించాను. పరిమితి దాటిన 200 గ్రాములను కవచం బలం తగ్గకుండా తగ్గించాను’ అని రాయండి, అది నిజమైతేనే. నిజమైతే తర్వాతి ప్రశ్న ‘ఎలా?’ అనే వస్తుంది. అప్పుడు మాట్లాడేది మీరు, వినేది వాళ్లు. ఆ టీమ్‌లో మీరు వైర్లు మాత్రమే చూసుంటే ఆ మాటే చెప్పండి. రెండో ప్రశ్నకే దొరికిపోయే గొప్పలు అవసరం లేదు.

ఇంతకీ ఆ 200 గ్రాములు ఎక్కడ తీయాలి? ముందు కవచం జోలికి వెళ్లకండి. అవసరానికి మించి పొడుగున్న బోల్టులు, చుట్టలు చుట్టిన వైర్లు, బలం మోయని చోట మందంగా ఉన్న బ్రాకెట్లు వెతకండి. చాలాసార్లు సమాధానం అక్కడే ఉంటుంది. అక్కడా దొరకకపోతే తప్పు కాటాది కాదు, మొదటి రోజు తెరవని ఆ షీట్‌ది.