అప్పు తెచ్చుకున్నాం, పరువు తాకట్టు పెట్టలేదు

వాయిదా ఒకటి తప్పగానే ఫోన్లు మొదలవుతాయి. మూడో వాయిదా నాటికి ఇంటి ముందు బైకు ఆగుతుంది. వచ్చినవాడు కావాలనే గొంతు పెంచుతాడు. ఇరుగుపొరుగు వినాలన్నదే అతని ఉద్దేశం. అప్పు కంటే ఆ అవమానానికే మనవాళ్లు ఎక్కువ భయపడతారని వసూలుకు వచ్చేవాళ్లకు బాగా తెలుసు.

ఈ భయం ప్రాణాలు తీసిన సందర్భాలు మనం చూశాం. మైక్రోఫైనాన్స్ వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యలు పెరగడంతో 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక చట్టమే తేవాల్సి వచ్చింది. 2015 డిసెంబరులో, అధిక వడ్డీ అప్పుల వసూలు కోసం జనాన్ని వేధించిన విజయవాడ కాల్‌మనీ ఉదంతం బయటపడింది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక తెలంగాణలో యువకులు ప్రాణాలు తీసుకున్నారు. బాకీ ఉన్నవాడికి చట్టంలో చోటు లేదన్న నమ్మకమే ఈ వేధింపులకు ఊపిరి. అది తప్పుడు నమ్మకం. తీసుకున్న అప్పు తీర్చాల్సిందే, అయితే వసూలుకూ ఒక పద్ధతి ఉంది. అది ఏమిటో తెలుసుకుందాం.

అపోహ 1: వాయిదా కట్టకపోతే పోలీసులు అరెస్టు చేస్తారు.

వాస్తవం: అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు, సివిల్ వివాదం. పోలీసులకు బాకీలు వసూలు చేసే అధికారం లేదు. ‘ఎస్సై గారితో మాట్లాడాం, సాయంత్రానికి తీసుకెళ్తారు’ అనే మాట బెదిరింపు మాత్రమే. ఏజెంటు వాట్సాప్‌లో పంపే ‘అరెస్టు వారెంటు’కు విలువ లేదు. వారెంటు జారీ చేసేది కోర్టు, అమలు చేసేది పోలీసులు.

కోర్టు డిక్రీ ఇచ్చాక కూడా, కట్టే స్తోమత ఉండి ఎగ్గొడుతున్నాడనో, ఆస్తులు దాచేస్తున్నాడనో, పారిపోతాడనో తేలితేనే సివిల్ జైలు ప్రశ్న వస్తుంది. చేతిలో ఏమీ లేని మనిషిని బాకీ కోసం జైల్లో పెట్టడం తగదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. డబ్బు డిక్రీ కింద మహిళలను అరెస్టు చేయడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ అసలే ఒప్పుకోదు.

అయితే చెక్కు సంగతి వేరు. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది క్రిమినల్ కేసే. నోటీసు అందాక 15 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు కట్టకపోతే కేసు వేయవచ్చు. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఖాతా నుంచి వాయిదా ఆటోమేటిక్‌గా కోతపడే ఏర్పాటు బౌన్స్ అయినా దాదాపు ఇదే పద్ధతి. కాబట్టి కోర్టు నుంచి సమన్లు వస్తే తప్పకుండా హాజరు కావాలి. సంతకం చేసిన ఖాళీ చెక్కులు, ఖాళీ ప్రామిసరీ నోట్లు ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

అపోహ 2: అప్పు ఇచ్చినవాళ్లు ఎప్పుడైనా రావచ్చు, ఎవరికైనా చెప్పొచ్చు.

వాస్తవం: 2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బకాయి వసూలు కోసం ఉదయం 8 గంటల లోపు, రాత్రి 7 గంటల తర్వాత ఫోన్ చేయకూడదు. తిట్టడం, బెదిరించడం, నలుగురిలో అవమానించడం, కుటుంబ సభ్యుల, స్నేహితుల జోలికి పోవడం నిషిద్ధం. అప్పు ఫారంలో ‘రిఫరెన్స్’ కింద రాసిన స్నేహితుడు జామీనుదారు కాడు. అతణ్ని కట్టమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

బ్యాంకు తరఫున వచ్చే ఏజెంటు దగ్గర గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. అవి అడగడం మన హక్కు. ‘ఏజెన్సీ వాళ్ల తప్పుతో మాకు సంబంధం లేదు’ అని బ్యాంకు తప్పించుకోలేదు. ఏజెంటు చేసే ప్రతి పనికీ బ్యాంకుదే బాధ్యత.

అపోహ 3: గ్రూపు లోన్ కాబట్టి డబ్బు కట్టేదాకా ఇంటి ముందు కూర్చోవచ్చు.

వాస్తవం: ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే మైక్రోఫైనాన్స్ అప్పులకు 2022 ఏప్రిల్ నుంచి ఇంకా కట్టుదిట్టమైన నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఉదయం 9 గంటల లోపు, సాయంత్రం 6 గంటల తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. ఏ వేళలోనైనా పదే పదే ఫోన్ చేసి విసిగించకూడదు. ఇద్దరూ ఒప్పుకున్న చోటే వాయిదా వసూలు చేయాలి. వరుసగా రెండు సార్లో, అంతకన్నా ఎక్కువో ఆ చోటికి రాకపోతేనే సిబ్బంది ఇంటికి వెళ్లవచ్చు. బాకీదారుల పేర్లు బయటపెట్టడం, బంధువులను, తోటి పనివాళ్లను వేధించడం కుదరదు. గ్రూపులోని ఆడవాళ్లను ఎగదోసి ఒకరి గుమ్మం ముందు కూర్చోబెట్టడం ఈ నిబంధనల స్ఫూర్తికే విరుద్ధం. గ్రూపు సభ్యులు ఒకరికొకరు జామీను ఉన్నా సరే, వసూలు మర్యాదగానే జరగాలి.

అపోహ 4: బండి ఫైనాన్స్‌లో ఉంటే రోడ్డు మీదే ఆపి లాక్కుపోవచ్చు.

వాస్తవం: వాయిదాలు తప్పితే బండి స్వాధీనం చేసుకోవచ్చని ఒప్పందంలో సాధారణంగా ఉంటుంది. ఆ హక్కును కాదనలేం. కానీ ముందస్తు నోటీసు ఎంత గడువుతో ఇస్తారో, స్వాధీనం ఎలా చేసుకుంటారో, అమ్మే ముందు చివరి అవకాశం ఎలా ఇస్తారో ఒప్పందంలో రాసి ఉండాలని ఫైనాన్స్ సంస్థలకు రిజర్వు బ్యాంకు చెప్పింది. రౌడీలను పంపి బండ్లు గుంజుకోవడాన్ని 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. 2022 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని హజారీబాగ్‌లో ట్రాక్టరు స్వాధీనం చేసుకునే క్రమంలో ఒక గర్భిణి ఆ చక్రాల కిందే ప్రాణాలు కోల్పోయింది. ఆ తర్వాత బయటి ఏజెంట్లతో వసూళ్లు ఆపేయాలని ఆ ట్రాక్టరుకు అప్పిచ్చిన సంస్థను రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

బండి తీసుకెళ్తే రసీదు అడగండి. ఎంతకు అమ్మారో లెక్క అడగండి. బాకీ పోగా మిగిలింది మీది, తక్కువ పడింది మీ బాకీ.

అపోహ 5: ఇంట్లో సామాను, మెళ్లో తాళి కూడా పట్టుకుపోతారు.

వాస్తవం: కోర్టు ఉత్తర్వు లేకుండా ఇంట్లో అడుగుపెట్టి సామాను పట్టుకుపోయే అధికారం ఏ ఏజెంటుకూ లేదు. కోర్టు జప్తుకు కూడా హద్దులున్నాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, చేతివృత్తివారి పనిముట్లు, రైతు బతుకుదెరువుకు కావలసిన సేద్యపు సామగ్రి, పశువులు, విత్తనాలు జప్తు చేయకూడదు. మత ఆచారం ప్రకారం స్త్రీ తీసివేయకూడని ఆభరణాలకూ అదే రక్షణ ఉంది.

ఇల్లు తనఖా పెట్టి తీసుకున్న అప్పుకు, కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం వర్తిస్తే, బ్యాంకు ముందుగా 60 రోజుల నోటీసు ఇవ్వాలి. మన అభ్యంతరాలకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీన చర్య మొదలైతే 45 రోజుల లోపు డెట్ రికవరీ ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఈ ట్రైబ్యునళ్లు హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ఉన్నాయి. వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు. అలాగని తనఖా అప్పు మాఫీ కాదు, బ్యాంకు కోర్టు దారిలో రావాలి.

అపోహ 6: తండ్రి అప్పు కొడుకు, భర్త అప్పు భార్య తీర్చి తీరాలి.

వాస్తవం: అప్పు పత్రం మీద సహ రుణగ్రహీతగానో, జామీనుదారుగానో సంతకం చేసినవారికే సొంత బాధ్యత ఉంటుంది. జామీనుదారు బాధ్యత అసలు అప్పుదారుతో సమానం కాబట్టి మొహమాటానికి సంతకం చేయకండి. మరణించిన వ్యక్తి అప్పుకు వారసులు, తమకు సంక్రమించిన ఆస్తి మేరకే జవాబుదారీ. తండ్రి రుణం తీర్చడం కొడుకు ధర్మమన్న ఒక్క కారణంతో బాకీ మోపడాన్ని 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం, ఆ ఏడాది సెప్టెంబరు 9 తర్వాతి అప్పుల విషయంలో రద్దు చేసింది.

అపోహ 7: లోన్ యాప్‌కు ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు చూసే అనుమతి మనమే ఇచ్చాం, ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ రుణ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులను, ఫొటోలను, కాల్ వివరాలను చూడనేకూడదు. అనుమతి తీసుకున్నామని చెప్పి ఈ నిషేధం నుంచి తప్పించుకోలేరు. అప్పు ఏ బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ ఇస్తోందో ముందే చెప్పాలి. వడ్డీ, చార్జీలన్నీ ఒకే పత్రంలో చూపాలి. సంస్థలు నమోదు చేసిన యాప్‌ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉంది. అప్పు తీసుకునే ముందే చూసుకోండి.

ఫొటోలు మార్ఫింగ్ చేసి బంధువులకు పంపుతామనడం నేరపూరిత బెదిరింపు, డబ్బు గుంజడం. ఐటీ చట్టం కూడా వర్తిస్తుంది. వెంటనే 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. భయపడి కడితే మళ్లీ అడుగుతారు.

అపోహ 8: బాకీ ఉన్నవాడికి ఫిర్యాదు చేసే ముఖం ఎక్కడిది?

వాస్తవం: బాకీ ఉండటం ఫిర్యాదుకు అడ్డం కాదు. ముందుగా బ్యాంకుకు గానీ, ఫైనాన్స్ సంస్థకు గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ఆధారం తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448. సేవాలోపం మీద జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తట్టవచ్చు.

వీధి వడ్డీ వ్యాపారుల మీద అంబుడ్స్‌మన్‌కు అధికారం లేదు. కానీ బెదిరించడం, ఇంట్లోకి చొరబడటం, ఆడవారిని అసభ్యంగా దూషించడం ఎవరు చేసినా భారతీయ న్యాయ సంహిత కింద నేరమే. లాయరు ఖర్చు భరించలేమని ఆగిపోవద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. అందుకు ఫోన్ చేయాల్సిన నంబరు 15100.

అపోహ 9: మూడేళ్లు మౌనంగా ఉంటే అప్పు మాఫీ.

వాస్తవం: ప్రామిసరీ నోటు వంటి అప్పులకు దావా గడువు మామూలుగా మూడేళ్లే. అయితే గడువు లోపు కొంత సొమ్ము చెల్లించినట్టు మీ చేతిరాతో, సంతకమో ఉన్నా, బాకీ ఒప్పుకుంటూ మీరు సంతకం చేసినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. తనఖా అప్పులకు గడువు 12 ఏళ్లు. ఈలోగా వడ్డీ పెరుగుతుంది, క్రెడిట్ రికార్డు దెబ్బతింటుంది. కష్టం వచ్చిన నెలలోనే బ్యాంకుకు ఉత్తరం రాసి వాయిదాల గడువు పెంచమని అడగడం మేలు. లోక్ అదాలత్ నోటీసు వస్తే భయపడవద్దు. అక్కడ ఇద్దరి ఒప్పుదల లేకుండా రాజీ కుదరదు, కోర్టు ఫీజు ఉండదు. ఒకసారి రాజీపడితే మాత్రం అది డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కాబట్టి కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోండి. కట్టాక ‘నో డ్యూస్’ పత్రం తప్పక తీసుకోండి.

రేపు ఎవరైనా గుమ్మం ముందుకు వస్తే

పేరు, ఏజెన్సీ, ఫోన్ నంబరు అడిగి రాసుకోండి. గుర్తింపు కార్డు చూపమనండి. కాల్ రికార్డులు, మెసేజ్‌లు, వచ్చిన తేదీలు, వేళలు భద్రపరచండి. నగదు చేతికిస్తే అక్కడే రసీదు తీసుకోండి. తెల్ల కాగితం మీద సంతకం చేయవద్దు. చేయి చేసుకునే పరిస్థితి వస్తే 112కి ఫోన్ చేయండి.

అన్నిటికంటే ముందు ఇంట్లో చెప్పండి. దాచిన కొద్దీ వేధించేవాడి బలం పెరుగుతుంది. మనసు మరీ కుంగిపోతే టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇరుగింట్లో ఇలాంటి కేకలు వినపడితే తలుపు వేసుకోకుండా వెళ్లి వారి పక్కన నిలబడండి. సాక్షి ఉన్నచోట ఏజెంటు గొంతు తగ్గుతుంది. బాకీని మెల్లగానైనా తీర్చుకోవచ్చు. దాని కోసం ఒక ప్రాణం పోవాల్సిన అవసరం ఎన్నటికీ లేదు.