‘యెస్’ అంటే అవునేనా?

విమానాశ్రయం కౌంటర్లో ఆవిడ అడుగుతుంది: ‘డోంట్ యు హావ్ ఎనీ అదర్ బ్యాగ్స్?’ మనవాడి దగ్గరున్నది ఒక్కటే సంచి. ‘యెస్’ అంటాడు ఠక్కున. ఆవిడ కళ్లు రెండో సంచి కోసం వెతుకుతాయి. ‘వేర్ ఈజ్ ఇట్?’ అంటుంది. లేదని చెప్పాక కూడా ఎక్కడని అడుగుతుందేమిటని మనవాడు తెల్లమొహం వేస్తాడు.

ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు ‘ఎ’, ‘ది’ల గురించి అడిగినంతగా ఈ చిక్కు గురించి అడగరు. వచ్చిన సంగతే తెలియదు కాబట్టి! తెలుగులో ‘వేరే సంచేమీ లేదా?’ అంటే ‘అవును, లేదండీ’ అంటాం. మన ‘అవును’ అడిగినవాళ్ల ఊహకు జవాబు: మీరనుకున్నది నిజమే అని. ఇంగ్లిష్ ‘యెస్’ ఆ ఊహ జోలికి పోదు. సంచి ఉంటే యెస్, లేకపోతే నో. ప్రశ్న ‘డూ యు’ అని మొదలైనా, ‘డోంట్ యు’ అని మొదలైనా అంతే.

జపాన్‌వాళ్ల ‘హై’ది మన ‘అవును’ దారే. ‘లేదా?’ అని అడిగినప్పుడు ‘ఎందుకు లేదు, ఉంది’ అనడానికి ఫ్రెంచివాళ్లు ‘సి’ అనే మాటను విడిగా ఉంచుకున్నారు. ఇంగ్లిష్‌లోనూ ఒకప్పుడు ఇలాంటి ఏర్పాటే ఉండేది. మామూలు ప్రశ్నకు జవాబు ‘యే’ లేదా ‘నే’; ‘లేదా?’, ‘కాదా?’ అన్న ప్రశ్నలకు ‘యెస్’ లేదా ‘నో’. 1532లో ఆంగ్ల పండితుడు థామస్ మోర్, బైబిల్‌ను ఇంగ్లిష్‌లోకి తెచ్చిన విలియం టిండేల్‌ను ఖండిస్తూ, ‘నే’కీ ‘నో’కీ తేడా తెలియదా అని దెప్పిపొడిచాడు. తమాషా ఏమిటంటే, సూత్రం చెప్పబోయి మోరే తలకిందులు చేశాడు. తర్వాత్తర్వాత ‘యే’, ‘నే’ రోజువారీ మాటల్లోంచి జారిపోయాయి. ఆ మిగిలిన రెండింటితోనే ఇప్పుడు మన తంటా.

‘డూ యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’ అన్నది ఇంకో మెలిక. ‘కూర్చోండి’ అనే ఉద్దేశంతో మనం ‘యెస్’ అంటే, వాళ్లకు ‘నాకు అభ్యంతరమే’ అని వినిపిస్తుంది.

దీనికి విరుగుడు మన అలవాట్లోనే ఉంది. ‘తిన్నావా?’ అంటే ‘తిన్నా’, ‘వచ్చాడా?’ అంటే ‘రాలేదు’ అంటాం. అవును, కాదుల అవసరం మనకు పెద్దగా రాదు, క్రియే జవాబు. ఇంగ్లిష్‌లోనూ అదే చేయండి. ‘ఐ డోంట్’, ‘హి డిడ్’ అని క్రియను పలికితే సందేహానికి తావుండదు.

తెలుగు అలవాటు ఇంగ్లిష్‌లోకి జారి చేసే పొరపాట్లు ఇంకా ఉన్నాయి. ‘యు ఆర్ కమింగ్, ఇజంట్ ఇట్?’ దీని వెనకున్నది మన ‘కదా’. అది ఎవరికైనా, ఏ కాలానికైనా సరిపోతుంది. ఇంగ్లిష్‌లో ‘ఆరంట్ యు’, ‘డిడంట్ షి’ అంటూ మనిషిని బట్టి, కాలాన్ని బట్టి తోక మార్చాలి. అయితే లండన్ కుర్రకారు అన్నిటికీ ‘ఇన్నిట్’ అని తగిలించేస్తారు. వాళ్లంటే యాస, మనమంటే తప్పు!

‘సిన్స్ టెన్ ఇయర్స్’కు మూలం ‘నుంచి’. ‘2015 నుంచి’ అన్నా, ‘పదేళ్ల నుంచి’ అన్నా మనకు ఒకటే మాట. ఇంగ్లిష్‌లో మొదలైన క్షణానికి ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’. ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్’ కూడా ‘అర్థం కావడం లేదు’లోంచి వచ్చిందే.

తెలుగు చిక్కులే కాదు, సాయమూ తెస్తుంది. ‘ఎ’, ‘ఆన్’ల దగ్గర మన లిపి అక్కరకొస్తుంది. మాటను తెలుగులో రాసి చూడండి. ఎమ్మెల్యే, అవర్ అచ్చుతో మొదలవుతాయి కనుక ‘ఆన్’. యూనివర్సిటీ, వన్ రుపీ హల్లుతో మొదలవుతాయి కనుక ‘ఎ’. కోడిగుడ్డును ‘యెగ్గు’ అనేవాళ్లు మాత్రం జాగ్రత్త!

‘ది’కి మనలో సరిజోడు లేదంటారు గానీ, నీడ ఉంది. ‘పుస్తకం తెచ్చాను’ అంటే ఏదో ఒక పుస్తకం. ‘పుస్తకాన్ని తెచ్చాను’ అంటే చాలాసార్లు మనిద్దరికీ తెలిసిన పుస్తకమే. ఆ ‘ని’ తగిలిన చోట ‘ది’ పెట్టి చూడండి, చాలావరకు కుదురుతుంది. కుదరని చోట్లూ ఉన్నాయి. ఆసుపత్రిలో చేరినవాణ్ని బ్రిటన్‌లో ‘ఇన్ హాస్పిటల్’ అంటారు, అమెరికాలో ‘ఇన్ ది హాస్పిటల్’ అంటారు. పరీక్షలో ఏది రాయాలంటే, పేపరు దిద్దే మాస్టారు ఏ దేశపు పుస్తకం చదివారో కనుక్కోవాల్సిందే.