ముంపు మిగిల్చిన మాట

తైవాన్ నడిబొడ్డున, నాన్‌టౌ కొండల్లోని సన్ మూన్ సరస్సు పెద్ద పర్యాటక కేంద్రం. జనం పడవల్లో వచ్చి ఇతా థావ్ రేవులో దిగుతారు, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. ఆ వీధుల్లో మాండరిన్, హోక్కియన్ అనే చైనీస్ భాషలు వినిపిస్తాయి. ఊరికి పేరిచ్చిన ఆదివాసులైన థావ్‌ల భాష మాత్రం చెవిన పడదు. ఆ జాతి మొత్తం వెయ్యి మందికి లోపే.

ఒకప్పుడు ఈ ఒడ్డంతా వాళ్లదే. జపాన్ పాలకులు జలవిద్యుత్ కోసం నది నీటిని సొరంగం గుండా ఇటు మళ్లించారు. 1934లో పథకం పూర్తయ్యేసరికి సరస్సు మట్టం దాదాపు 20 మీటర్లు పెరిగింది. పూర్వీకుల ఆత్మలకు నెలవైన లాలు ద్వీపం చాలావరకు మునిగింది. నిర్వాసితులైన థావ్‌లు ఇప్పుడున్న చోటికి చేరారు. చుట్టూ చైనీయులు పెరిగారు. బడిలో మొదట జపనీస్, తర్వాత మాండరిన్. బజారులోనూ, పోనుపోను ఇంట్లోనూ హోక్కియన్.

మడగాస్కర్ నుంచి ఈస్టర్ దీవి దాకా విస్తరించిన ఆస్ట్రోనేషియన్ భాషలకు తైవానే పుట్టిల్లని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. థావ్ కూడా వాటిలో ఒకటి. ఈ భాషలను జీవితమంతా శోధించిన రాబర్ట్ బ్లస్ట్, థావ్ ముసలివాళ్ల దగ్గర కూర్చుని వెయ్యి పేజీలు దాటిన నిఘంటువు కూర్చారు. 2003లో అది అచ్చయ్యేనాటికి ధారాళంగా మాట్లాడేవారు 15 మంది అటూఇటూ. దాదాపు అందరూ 60 పైబడ్డవారే.

అయినా ఒకచోట ఈ భాష లేనిదే పని జరగదు. థావ్ ఇళ్లలో పూర్వీకుల బట్టలు, నగలు దాచిన బుట్ట ఉంటుంది. దాని పేరు ఉలలలువాన్. చైనా చాంద్రమానపు ఎనిమిదో నెలలో వచ్చే కొత్త సంవత్సరానికి ఈ బుట్టలను వరసగా పేర్చి, షిన్‌షి అనే పూజారిణులు ఇంటింటి పూర్వీకులను థావ్ భాషలో పేరుపేరునా పిలుస్తారు. కొత్త షిన్‌షి కావాలంటే లాలుకు వెళ్లి పూర్వీకుల అనుమతి పొందాలి.

1999 భూకంపంలో థావ్‌ల ఇళ్లు కూలాయి. వాస్తుశిల్పి షే యింగ్‌చున్ తోడ్పాటుతో వాళ్లే వెదురుతో ఇళ్లు కట్టుకుని మళ్లీ ఒక్కచోట చేరారు. 2001లో ప్రత్యేక జాతిగా గుర్తింపు దక్కింది. 2017 చట్టం ఆదివాసీ భాషలన్నిటినీ జాతీయ భాషలుగా ఒప్పుకుంది. భూమి తగాదా మాత్రం తేలలేదు: 2018లో ప్రభుత్వం సరస్సు చుట్టుపక్కల నేలను థావ్‌ల సంప్రదాయ ప్రాంతంగా ప్రకటిస్తే, స్థానిక పాలక సంస్థలు అడ్డుతగిలాయి. పిల్లలకు బడిలో థావ్ నేర్పవచ్చు. ఆ మాటలతో బేరమాడటానికి, పోట్లాడటానికి, పొలం పని చెప్పుకోవడానికి థావ్‌లు కలిసి బతికే వాడ కూడా ఉండాలి. భాష కోసం పెట్టే ఖర్చు ఈ నేల లెక్క తేల్చకుండా ఫలించదు.