కాకతీయుల గుళ్లు - మన పూచీ

రాజుల చరిత్రమును తెలియగోరువారు శాసనములను, కావ్యములను వెదకుదురు. ప్రజల చరిత్రమును తెలియగోరువారు గుడికడకును చెరువుకట్టకును పోవలయును. రాయి చెక్కినవారి నేర్పును, మట్టి మోసినవారి కష్టమును, పైరు పండించి పన్ను చెల్లించినవారి భక్తియు నచ్చట నేటికిని కానవచ్చుచున్నవి. ఈ మాట యెంత నిజమో ములుగు జిల్లాలోని పాలంపేటను చూచినవారు గ్రహింపగలరు.

పాలంపేటలోని రుద్రేశ్వరాలయమును కాకతి గణపతిదేవుని సేనానియైన రేచర్ల రుద్రుడు 1213లో నెలకొల్పినట్లు అచ్చటి శాసనము తెలుపుచున్నది. లోకము మాత్రము దానిని రామప్ప గుడి యనుచున్నది. రామప్ప యనునాత డా గుడిని కట్టిన శిల్పియని జనులు పరంపరగా చెప్పుకొనుచున్నారు. శాసనమున ఆ పేరు లేదు. ప్రతిష్ఠించిన ప్రభువుకంటె శిల్పినే జనులు తలచుకొనుట మన దేశమున నరుదుగా జరుగు విషయము. 2021 జూలై 25వ తేదీన ఈ ఆలయము యునెస్కోవారి ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. తెలుగువారందఱును సంతసించిరి. సంతసింపవలసినదే. కాని పట్టికలో చేరుటతో మన బాధ్యత తీరినదని తలంచుట పొరపాటని మేము విన్నవించుచున్నాము.

ఆ గుడి విశేషము మదనికల సొంపుతో ముగియునది కాదు. నల్లని డోలరైటు రాతిలో నద్దమువలె మెఱయు నా విగ్రహములను అందఱును మెచ్చుకొందురు. కంటికి గోచరింపని పనియే యంతకంటె మెచ్చదగినది. పునాది గోతిని ఇసుకతో నింపి, దానిపై రాతికట్టడమును నిలిపిరి. బరువు సమముగా పఱచుకొనుటకును, నేల యదరినపుడు ఆ యదరును కొంత తాళుకొనుటకును ఈ ఏర్పాటు తోడ్పడునని యింజనీర్లు చెప్పుదురు. 2024 డిసెంబరు 4వ తేదీన ములుగు ప్రాంతమున 5.3 తీవ్రతగల భూకంపము వచ్చినప్పుడు ఈ సంగతి అనేకులకు జ్ఞప్తికి వచ్చియుండును. కట్టడమునకు ఇసుకరాతిని, చెక్కడపు స్తంభములకును దూలములకును గ్రానైటును డోలరైటును వాడిరి. విమానమునకు మాత్రము నీటిపై తేలునంత తేలికైన యిటుకలను కాల్చి వాడిరి. క్రింద బరువు, మీద తేలిక, అడుగున ఇసుక - ఇది యొకనాటి యూహ కాదు, తరతరముల యనుభవము.

ఆ శిల్పములలోని నర్తకుల భంగిమలు వట్టి యలంకారములు కావు. గణపతిదేవుని గజసేనాధిపతి జాయప సేనాని 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. గుడి యంతకు నలుబదియేండ్లు ముందటిది. గడచిన శతాబ్దమున నటరాజ రామకృష్ణగా రీ శిల్పములను, ఆ గ్రంథమును సాధనములుగా చేసికొని, మఱుగుపడిన పేరిణి నృత్యమును మరల రంగస్థలముపైకి తెచ్చిరి. గుడి శిథిలమై పోయియున్నచో ఆ నృత్యమును పునరుద్ధరించుట యెంత దుర్ఘటమయ్యెడిదో చదువరులే యూహింపగలరు.

ఇక నీటి సంగతి. గుడికి సమీపముననే రామప్ప చెరువు కలదు. పాకాల, లక్నవరము మొదలగు చెరువులును కాకతీయుల కాలమునాటివే. గుట్టల నడుమనుండు సందును కట్టతో మూసి, వాననీటిని నిలిపి, తూములద్వారా పొలములకు పాఱించిరి. చెరువును త్రవ్వించినవారికిని, మరమ్మతు చూచువారికిని దశబంధ మాన్యము లిచ్చు ఆచారముండెను. గుడికి ధూపదీపములకై భూములుండెను. ఆ భూములకు చెరువు నీరుండెను. ఆ చెరువును కాపాడుటకు గ్రామముండెను. ఈ గొలుసులో నొక్క కడియము తెగినను తక్కినవి నిలువవు. కావుననే గుడిని వేఱుగా, చెరువును వేఱుగా చూచు నేటి పద్ధతి మాకు సమ్మతము కాదు.

గొలుసు తెగినప్పుడు ఏమగునో ఓరుగల్లు కోట చెప్పుచున్నది. 1323లో కాకతీయ రాజ్యము పతనమైన పిమ్మట స్వయంభూ దేవాలయము నేలమట్టమయ్యెను. దానికి నలుదెసల నిలిచిన కీర్తితోరణములు మాత్రమే మిగిలినవి. 2014లో నేర్పడిన తెలంగాణ రాష్ట్రము ఆ తోరణమును తన చిహ్నమున చేర్చుకొన్నది. ద్వారములున్నవి, గుడి లేదు. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభముల గుడికి చెందిన కల్యాణమండపమును బాగుచేయుటకై 2006లో విప్పిరి. మరల నిలిపి తెఱచునప్పటికి 2024 మార్చి వచ్చినది. పదునెనిమిదేండ్లు! చెడినదానిని మరల నిలుపుట యెంత కష్టమో దీనివలన స్పష్టమగుచున్నది.

రక్షణకు చట్టము లేకపోలేదు. 1958 నాటి చట్టమును 2010లో సవరించి, కేంద్రరక్షిత కట్టడమునకు నూఱు మీటర్లలోపల క్రొత్త నిర్మాణమును నిషేధించిరి; అటుపై రెండువందల మీటర్లవఱకు అనుమతి యుండవలెననిరి. అయినను, 3,693 కేంద్రరక్షిత స్థలములలో 50 కానరాకున్నవని 2022లో కేంద్ర సంస్కృతి శాఖవారే పార్లమెంటరీ సంఘమునకు తెలిపిరి. వానిలో 14 నగరముల విస్తరణమునకు బలియైనవి. 12 జలాశయములలో మునిగినవి. 24 ఎచ్చటనున్నవో తెలియరాలేదు. పట్టికలోని వాని గతియే యిట్లుండగా, పట్టికకెక్కని పల్లెగుళ్ల గతి యేమి?

మన గ్రామములలో జరుగుచున్నది చదువరు లెఱుగనిది కాదు. గుప్తనిధుల యాశతో నందిని పెకలించువా రొకరు. శాసనపు బండను కల్లమునకు వాడుకొనువా రొకరు. భక్తితోనే శిల్పములకు రంగులు పూసి, నేలపై నునుపు పలకలు పఱచి, ముంగిట కాంక్రీటు మండపము లేపువా రొకరు. మొదటివారిని దండింపవచ్చును. కడపటివారికి నచ్చచెప్పవలసియున్నది, ఏలయన వారి తలపు మంచిది, వారి పనివలన కలుగు నష్టము పెద్దది. ఎనిమిదివందల యేండ్లనాటి యక్షరము సున్నపుపూతక్రింద నణగినచో నా యూరి చరిత్రమే యణగినట్లు.

భూస్వాములును, పట్టణముల విద్యావంతులును పూనినచో నివి యడ్డగింపరానివి కావు. ప్రతి గ్రామమున పాతగుళ్లను, శాసనములను, వీరగల్లులను లెక్కవ్రాసి, ఛాయాచిత్రములు తీసి, పురావస్తుశాఖవారికి పంపవచ్చును. జీర్ణోద్ధరణమునకు చందాలు పోగుచేయుటకు ముందే నిపుణుల సలహా నడుగవచ్చును. చెరువు శిఖము భూమిలోనికి తన పొలమును జరుపకుండుట, నీరువచ్చు కాలువను పూడ్చకుండుట పొలముగల ప్రతివాని చేతిలోని పని. దీనికి ప్రభుత్వపు టుత్తరువు లక్కఱలేదు.

రేచర్ల రుద్రుడు చక్రవర్తి కాడు, ఒక సేనాని. తనకున్న దానిలో దేవునికి గుడి కట్టించి, దాని పోషణకు గ్రామములను విడిచెను. అట్టి యుదారబుద్ధిలో నూఱవపాలైనను మనకు కలిగెనేని, అతడు నిలిపిన రాయి మన మనుమల కాలమువఱకును నిలువగలదు.