స్మార్ట్ బ్యాండ్ కొన్నా నడక ఎందుకు ఆగిపోతుంది? సెట్టింగ్స్‌లో ఏం మార్చాలి?

తెల్లవారుజామున తార్నాక నుంచి ఉస్మానియా యూనివర్సిటీ లోపలికి వెళ్లే రోడ్డు చూడండి. ఆర్ట్స్ కాలేజీ వైపు నడిచే వాకర్లలో స్మార్ట్ బ్యాండ్ కట్టుకున్నవాళ్లు, వాచ్ పెట్టుకున్నవాళ్లు బాగానే కనిపిస్తారు. కానీ బ్యాండ్ కొని, నెల రోజులు నడిచి, తర్వాత దాన్ని డ్రాయర్‌లో పడేసినవాళ్లు ఇంట్లోనే ఉంటారు కదా! మీరూ ఆ లిస్టులో ఉంటే, ఇంకా ఖరీదైన మోడల్ కొనేముందు ఇది చదవండి.

బ్యాండ్ పని కొలవడం. నడిపించడం వేరే పని. అమెరికాలో 471 మంది యువతీయువకులపై రెండేళ్లు జరిగిన ఒక ట్రయల్ ఫలితాలు 2016లో వచ్చాయి. అందరికీ డైట్, వ్యాయామం మీద సలహాలు ఇచ్చారు. ఆరు నెలల తర్వాత సగం మందికి చేతికి కట్టుకునే ట్రాకర్ కూడా ఇచ్చారు. చివరికి ట్రాకర్ ఉన్నవాళ్లు సగటున 3.5 కిలోలు తగ్గితే, లేనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు! అది అప్పటి పాత డివైస్, నిజమే. అయినా బ్యాండ్ కట్టుకుంటే చాలు బరువు తగ్గిపోతుందనే యాడ్‌లను నమ్మడానికి ముందు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇక 10,000 అడుగుల టార్గెట్. ఇది డాక్టర్లు తేల్చిన అంకె కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన పెడోమీటర్ పేరుకు అర్థమే 'పదివేల అడుగుల మీటర్'. అక్కడి నుంచి వచ్చింది. వయసు పైబడిన మహిళలపై 2019లో వచ్చిన ఒక అమెరికా స్టడీలో రోజుకు 4,400 అడుగులు నడిచినవాళ్లలోనే మరణాల రేటు బాగా తక్కువగా కనిపించింది. సుమారు 7,500 దాటాక పెద్ద తేడా లేదు. రోజూ 3,000 నడిచే మనిషికి యాప్ 10,000 చూపిస్తే ఏమవుతుంది? రోజూ ఫెయిల్ అయినట్టే ఉంటుంది, వారంలో విసుగొస్తుంది. అందుకే ముందు టార్గెట్‌ను 4,000కు దించండి. డిఫాల్ట్‌లో వచ్చిన అంకె కంటే మీరు పెట్టుకున్న అంకె మీదే మీకు పట్టుదల ఎక్కువ ఉంటుంది.

బ్యాడ్జీలు, స్ట్రీక్‌లు మొదట్లో సరదాగానే ఉంటాయి. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే సైకాలజిస్ట్ విద్యార్థులకు పజిల్స్ ఇచ్చి చూశాడు. డబ్బులిచ్చి చేయించినవాళ్లకు, డబ్బులు ఆపేశాక ఆ పజిల్ మీద ఆసక్తి తగ్గింది. స్ట్రీక్ కోసమే నడిస్తే, జ్వరంతో ఒక్కరోజు తెగిపోగానే నడకా పోయే ప్రమాదం ఉంది. నా మాటైతే స్ట్రీక్ నోటిఫికేషన్ ఆఫ్ చేసేయండి. లండన్‌లో అలవాట్ల మీద చేసి 2010లో ప్రచురించిన స్టడీలో, ఒక పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజుల లెక్క వచ్చింది. మధ్యలో ఒకరోజు మానేస్తే పెద్ద నష్టమేమీ కనిపించలేదు.

రిమైండర్ సంగతి కూడా చూద్దాం. "సాయంత్రం 6కి నడవండి" అని పెడితే అప్పుడు మీరు బస్సులో ఉండొచ్చు. టైమ్‌కి బదులు ఎలాగూ రోజూ జరిగే పనికి ముడిపెట్టండి: తార్నాక మెట్రో స్టేషన్‌లో దిగగానే ఆటో ఎక్కకుండా క్యాంపస్ గేటు దాకా నడక. ఫోన్‌లో లొకేషన్ రిమైండర్ ఉంటే ఆ స్టేషన్‌నే పెట్టొచ్చు.

తిండి విషయానికొస్తే, అదే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2018లో 'న్యూట్రిఫై ఇండియా నౌ' అనే యాప్ తెచ్చింది. విదేశీ యాప్‌లలో మన కూర వెతుక్కోవడమే ఒక పని, ఇది మాత్రం మన వంటల లెక్కతోనే చేసింది. అయితే మూడు పూటలా ఎంటర్ చేయాలని మాత్రం మొదలుపెట్టకండి. రెండు వారాలు రాత్రి భోజనం ఒక్కటే రాయండి. అన్నం ఎన్ని గరిటెలు పెట్టుకుంటున్నారో అప్పుడే తెలిసిపోతుంది.