ఆడపిల్లకు కండలెందుకంటరా? మల్లీశ్వరిని సూడుండ్రి

మా వరంగల్‌ల పొల్లగాండ్లు జిమ్ముకు పోతె ఎవ్వరేమనరు. ఆడపిల్ల డంబెల్ పడితె మాత్రం "మొగోని లెక్క కండలొస్తయ్, పెండ్లెట్లయితది?" అంటరు. గీ మాట ఇన్నప్పుడల్లా నేను కరణం మల్లీశ్వరి పేరు తీస్త.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల. నీలంశెట్టి అప్పన్న కాడ నేర్సుకున్నది. ఆమెది బాడీబిల్డింగ్ కాదు, వెయిట్‌లిఫ్టింగ్. బాడీబిల్డింగ్‌ల కండల తీరు సూసి మార్కులేస్తరు. లిఫ్టింగ్‌ల బరువు సరిగ్గ లేసిందా లేదా, గంతే. స్నాచ్ అంటే ఒక్క ఊపుల నెత్తి మీదికి లేపుడు. క్లీన్ అండ్ జెర్క్‌ల ముందు భుజాల దాంక, ఆన్నుంచి పైకి. రెండిట్ల లేపిన పెద్ద బరువులు కలిపి లెక్క.

1994, 1995ల 54 కిలోల విభాగంల వరల్డ్ చాంపియన్. ఒలింపిక్స్‌ల ఆడోళ్ల లిఫ్టింగ్ మొదలైందే 2000 సిడ్నీల. ఆడ 69 కిలోలల దిగింది. స్నాచ్ 110, జెర్క్ 130, మొత్తం 240. పైనున్న ఇద్దరు 242.5 కాడ ఉన్నరు. ఆఖరి సారి 137.5 పెట్టించింది, ఏకంగ బంగారానికే. లేవలే. కాంస్యం దక్కింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమెనే. 132.5 పెడితె ఎట్లుండునో అని ఇప్పటికీ లెక్కలేసేటోళ్లున్నరు. నాకైతె ఆమెను తప్పువట్ట మనసొప్పదు.

ఇగ కండల భయం. ఆడోళ్ల ఒంట్ల టెస్టోస్టిరాన్ మొగోళ్లకంటె శానా తక్కువ, నాలుగు నెలలు బరువులెత్తితె మొగోళ్ల లెక్క కారు. ఎముకలు మాత్రం గట్టివడ్తయ్.

పెండ్లి సంగతంటరా? మల్లీశ్వరి 1997ల తోటి లిఫ్టర్‌నే చేసుకున్నది. సిడ్నీ పతకం పెండ్లయినంకనే.